పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి? చదరంగం సంఖ్య, దాని ఇద్దరు పొరుగువాళ్ళు

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? ఈ లెక్కను భూతసంఖ్యల్లో చెప్పే తెలుగు పద్యం ఒకటుంది. శర, శశి, షట్క, చంద్ర అంటూ మొదలవుతుంది. శరాలు అయిదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు ఒకటి. కుడి నుంచి ఎడమకు ఒక్కో అంకె వేసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. అంటే 2⁶⁴ − 1. మా తెలుగు మాస్టారు ఈ ఇరవై అంకెలనూ పద్యంలోంచి ఒక్కొక్కటే బోర్డు మీదకు దింపుతుంటే నోరు తెరుచుకుని చూసిన రోజు నాకింకా గుర్తుంది. ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని దాన్ని 3తో భాగించడం. శేషం లేకుండా పోయింది. 5తో కూడా పోయింది. 7 దగ్గర ఆగిపోయాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆ "తర్వాత ఏం చెయ్యాలి" గురించే ఈ వ్యాసం. ఇంజినీరింగ్ పిల్లలు, కోడింగ్ పోటీలకు తయారయ్యేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "సంఖ్య ఇన్ని అంకెలుంది, ఏ అల్గారిథమ్ వాడాలి?" అంకెల లెక్క ఒక్కటే చూసి చెప్పలేం. ఆ సంఖ్య ఎలా పుట్టింది, అందులో దాక్కున్న కారణాంకాలు ఎంత చిన్నవి అన్నదే అసలు సంగతి. చదరంగం సంఖ్యనూ, దాని పక్కనే ఉన్న మరో రెండిటినీ తీసుకుంటే ఇది కళ్ళకు కడుతుంది.

మన మూడు సంఖ్యలు ఇవి: 2⁶⁴ − 1, 2⁶⁴ + 1, 2⁶⁴ − 59. మూడూ ఇరవై అంకెలవే. మూడూ దాదాపు లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు. ఒకదాన్ని కాగితం మీద పావుగంటలో విప్పెయ్యొచ్చు. రెండోదాన్ని విప్పడానికి మహామహులకే వందేళ్ళకు పైగా పట్టింది. మూడోదాన్ని ఎవరూ విప్పలేరు, ఎందుకంటే అది ప్రధాన సంఖ్య.

ముందు సంఖ్యను సరిగ్గా ఎక్కించండి

పద్ధతి ఎంచుకునే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి, నేను దెబ్బతిన్న చోటు కాబట్టి. ఒకసారి 2⁶⁴ + 1ని స్ప్రెడ్‌షీట్‌లో టైప్ చేసి, అక్కడ్నుంచి కాపీ చేసి, ఒక పూట దాని మీద కుస్తీ పట్టాను. స్ప్రెడ్‌షీట్లు మామూలుగా 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటాయి, మిగతావి సున్నాలైపోతాయి. అంటే ఆ పూటంతా నేను విడగొట్టింది ఇంకేదో సంఖ్యను.

జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్ వాడినా ఇదే గొడవ. 2⁵³ దాటితే ప్రతి పూర్ణాంకాన్నీ విడిగా పట్టుకోలేదు. మన మూడు సంఖ్యలనూ అందులో పెడితే మూడూ 2⁶⁴ అయిపోతాయి. అప్పుడు "కారణాంకాలు: 64 రెండ్లు" అని జవాబొస్తుంది. బేసి సంఖ్యకు సరి కారణాంకం ఎలా వచ్చిందని మీకు అనుమానం రావాలి. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఈ ఇబ్బంది లేదు. జావాస్క్రిప్ట్‌లో అయితే బిగ్‌ఇంట్, జావాలో బిగ్‌ఇంటీజర్ వాడాలి.

రూపం కనిపిస్తే బీజగణితానికే ఓటు

2⁶⁴ − 1 మీద ఏ అల్గారిథమూ అక్కర్లేదు. అది రెండు వర్గాల భేదం. కాబట్టి (2³² + 1)(2³² − 1). రెండో ముక్క మళ్ళీ వర్గాల భేదమే. అలా చీల్చుకుంటూ కిందికి వస్తే మిగిలేవి 3, 5, 17, 257, 65537, ఇంకా 4294967297. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. చివరిది 2³² + 1, ఇది కూడా ప్రధానమేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు.

641 దాన్ని భాగిస్తుందని అంత పెద్ద భాగహారం చెయ్యకుండానే చూడొచ్చు. 641 అంటే 5 × 2⁷ + 1. అదే 641 అంటే 5⁴ + 2⁴ కూడా. మొదటిదాన్ని బట్టి, 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ని −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ అన్నది 1 అవుతుంది. రెండోదాన్ని బట్టి 5⁴ స్థానంలో −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³² = 1. అంటే 2³² + 1లో శేషం సున్నా. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది.

దాంతో చదరంగం సంఖ్య పూర్తిగా విడిపోయింది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటి ఒక్కసారే. అందుకని దాని భాజకాలు మొత్తం 2⁷, అంటే 128. ఇంకో ముచ్చట: 641, 6700417 తీసేసి మిగతా అయిదిటినీ గుణిస్తే 4294967295 వస్తుంది. స్కేలు, వృత్తలేఖినితో గీయగల బేసి భుజాల క్రమ బహుభుజుల్లో ఇప్పటిదాకా తెలిసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ భుజాలు దీనికే.

కాబట్టి మీ సంఖ్య 10ⁿ − 1 లాంటిదా, అన్నీ ఒకట్లేనా, రెండు ఘాతాల మొత్తమా, ఫ్యాక్టోరియల్ పక్కన ఉందా అన్నది ముందు చూడండి. ఈ ఒక్క చూపు ఎన్నో గంటలు మిగులుస్తుంది.

ప్రధానమా కాదా: ఇది వేరే ప్రశ్న

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా విడగొట్టడం మొదలుపెడతారు. 2⁶⁴ − 59 అలాంటివాళ్ళకు పరీక్ష. 2⁶⁴ కన్నా చిన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఇదే: 18446744073709551557. వరసగా భాగించుకుంటూ పోతే 2³² లోపున్న 20,32,80,221 ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూస్తే తప్ప ఆ మాట తేలదు. కారణాంకాలు వెతక్కుండానే ప్రధానమో కాదో చూసే మిల్లర్-రాబిన్ పరీక్ష అయితే రెప్పపాటులో చెబుతుంది.

ఇక్కడ మూడు దారులున్నాయి. ఫెర్మా పరీక్ష అన్నిటికన్నా సులువు: ఆధారం అని ఒక చిన్న సంఖ్య తీసుకుని, దాన్ని మన సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి, మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటం. కానీ ఇది మోసపోతుంది. రామానుజన్ సంఖ్యగా మనందరికీ తెలిసిన 1729 (7 × 13 × 19) దాన్ని బోల్తా కొట్టించే కార్మైకేల్ సంఖ్యల్లో ఒకటి. 7, 13, 19లతో భాగింపబడని ఏ ఆధారం తీసుకున్నా 1729ని అది ప్రధానమనే అంటుంది. అందుకే ఫెర్మా పరీక్షను ఒంటరిగా నమ్మొద్దు.

దానికే పదును పెట్టిన మిల్లర్-రాబిన్ (వర్గాలు చేసుకుంటూ పోతే మొదట్లోనే 1 గానీ, దారిలో −1 గానీ తగలాలి అంటుంది) నా సిఫారసు, కానీ ఒక్క ఆధారంతో ఆపొద్దు. మన 2⁶⁴ + 1నే చూడండి. అది సంయుక్త సంఖ్య. అయినా 2 ఆధారంగా పరీక్షిస్తే పాసైపోతుంది. కారణం సులువే: ఆ సంఖ్యతో భాగిస్తే 2⁶⁴ అన్నది −1, కాబట్టి 2 ఘాతాలన్నీ అక్కడక్కడే తిరుగుతుంటాయి. ఆధారం 3కి మార్చగానే పట్టుబడుతుంది. 2⁶⁴ లోపు సంఖ్యలకు 2 నుంచి 37 వరకు ఉన్న 12 ప్రధాన సంఖ్యలను ఆధారాలుగా తీసుకుంటే మిల్లర్-రాబిన్ జవాబు ఖాయం, సంభావ్యత మాటే లేదు. కోడింగ్ పోటీలకు ఇంతకన్నా అక్కర్లేదు.

మూడోది ఏకేఎస్. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. ఏ సంఖ్యనైనా, నిరూపణ కాని ఏ ఊహ మీదా ఆధారపడకుండా, బహుపద కాలంలో (అంటే అంకెలు పెరిగినా సమయం అదుపు తప్పకుండా) ప్రధానమో కాదో తేల్చే మొదటి పద్ధతి అది. 2006లో సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే గోడెల్ బహుమతి వచ్చింది. ఎంత గర్వపడినా తక్కువే. అయితే ప్రోగ్రాములో వాడటానికి దాన్ని ఎంచుకోకండి, చాలా నెమ్మది. పెద్ద సంఖ్యకు పక్కా రుజువు కావాలంటే దీర్ఘవృత్త వక్రాల (y² = x³ + ax + b లాంటి సమీకరణాల గీతలు) మీద నడిచే ఈసీపీపీ అనే పద్ధతి వాడతారు.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ పరీక్షలు "ఇది ప్రధానం కాదు" అంటాయి గానీ కారణాంకం చేతికివ్వవు. తెలిసిన ప్రధాన సంఖ్యల్లో పెద్దదైన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కి నాలుగు కోట్లకు పైగా అంకెలున్నాయి (2024 అక్టోబరులో ప్రకటించారు). 617 అంకెల ఒక సంయుక్త సంఖ్య మాత్రం ఇప్పటికీ విడిపోలేదు. దాని సంగతి కింద చెబుతాను.

2⁶⁴ + 1 మీద నాలుగు పద్ధతుల పందెం

ఇప్పుడు అసలు పని. ఈ సంఖ్య 274177 × 67280421310721. 1855లో గణితవేత్త క్లౌజెన్ మరో గణితవేత్త గౌస్‌కు రాసిన ఉత్తరంలో ఈ జవాబుంది. అది తెలియకుండానే లాండ్రీ 1880లో మళ్ళీ సాధించాడు, అప్పుడాయన వయసు 82.

వరసగా భాగించడం: 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలతో పోతే 274177 చేరడానికి దాదాపు 24 వేల భాగహారాలు. కంప్యూటర్‌కు ఇది లెక్కలోకే రాదు. చేత్తో చేసేవాళ్ళకు మాత్రం లూకా 1878లో ఒక దారి చూపించాడు: ఈ సంఖ్య కారణాంకాలన్నీ 256 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉంటాయి. 274177 అంటే 1071 × 256 + 1. అంటే చూడాల్సినవి వెయ్యి చిల్లర, అందులోనూ ప్రధానం కానివి వదిలెయ్యొచ్చు. సంఖ్య రూపం తెలిస్తే ఎంత లాభమో ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది.

ఏ సంఖ్యకైనా ముందు పది లక్షల దాకా ఇలా భాగించి చూడటం నా అలవాటు. 12 అంకెల వరకు ఇదొక్కటే చాలు. అదే రెండు 20 అంకెల ప్రధానాలను గుణించిన 40 అంకెల సంఖ్య అయితే, సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసినా మూడు వేల ఏళ్ళు పట్టొచ్చు.

ఫెర్మా వర్గాల పద్ధతి: సంఖ్యకు వర్గమూలం కట్టి, దాని పైనుంచి ఒక్కో పూర్ణాంకం వర్గంలోంచి మన సంఖ్యను తీసేస్తూ, మిగిలింది పూర్ణ వర్గం అవుతుందేమో చూడటం. రెండు కారణాంకాలూ దగ్గర దగ్గరగా ఉంటే ఇది అద్భుతం. ఇంగ్లండ్ ఆర్థికవేత్త జెవన్స్ 1874లో 8616460799 అనే సంఖ్యనిచ్చి, ఏ రెండిటిని గుణిస్తే ఇది వస్తుందో తనకు తప్ప మరెవరికీ తెలియకపోవచ్చని రాశాడు. ఈ పద్ధతిలో 92825 దగ్గర మొదలుపెట్టండి. 56వ ప్రయత్నంలో 92880 వస్తుంది. 92880² − 8616460799 = 10233601, అంటే 3199². కాబట్టి కారణాంకాలు 92880 − 3199 = 89681, 92880 + 3199 = 96079. ఓపికుంటే కాలిక్యులేటర్‌తో ఒక సాయంత్రం పని. కానీ 2⁶⁴ + 1లో ఒకటి ఆరంకెలది, ఇంకోటి పద్నాలుగు అంకెలది. అక్కడ ఈ పద్ధతి పట్టుకుంటే తెల్లారిపోతుంది. ఇద్దరు దగ్గరి చుట్టాలున్నారని అనుమానం ఉంటేనే దీన్ని ఎంచుకోండి.

పొలార్డ్ రో (1975): పోటీ పరీక్షల్లో 64 బిట్ల సంఖ్యకు నేను చెప్పేది ఇదే. ఒక సంఖ్యతో మొదలుపెట్టి వర్గం చేసి 1 కలపడం, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవడం, దాన్నే మళ్ళీ వర్గం చెయ్యడం. ఇలా తిరుగుతూ ఉంటే శేషాలు ఎక్కడో ఒకచోట చక్రంలో పడతాయి. ఆ చక్రాన్ని గ.సా.భా. పట్టిస్తుంది. పట్టే మెట్లు కారణాంకానికి వర్గమూలమంత. 274177 వర్గమూలం 523 చిల్లర, అంటే వందల్లో తేలిపోతుంది. ప్రోగ్రాము ఇరవై లైన్లు దాటదు. ఒక్క హెచ్చరిక: దీనికి ప్రధాన సంఖ్యనిస్తే ఎప్పటికీ బయటికి రాదు. ముందు మిల్లర్-రాబిన్ పెట్టండి. 1980లో బ్రెంట్, పొలార్డ్ కలిసి ఇదే పద్ధతితో 78 అంకెల 2²⁵⁶ + 1 నుంచి 16 అంకెల కారణాంకం తీశారు.

పొలార్డ్ పీ మైనస్ 1 (1974): ఇది నాకు ప్రాణం. అదృష్టం కలిసొస్తే దీన్ని మించింది లేదు. మన 274177లోంచి 1 తీసేస్తే 274176. అది 2⁸ × 3² × 7 × 17. అన్నీ చిన్న చిన్న ముక్కలే. అందుకని 3తో మొదలుపెట్టి, దాన్ని 2వ ఘాతానికి, వచ్చినదాన్ని 3వ ఘాతానికి, తర్వాత 4, 5... ఇలా 17 వరకు ఎత్తుకుంటూ, ప్రతిసారీ 2⁶⁴ + 1తో భాగించి శేషం ఉంచుకోండి. చివరకు వచ్చినదాంట్లోంచి 1 తీసి, 2⁶⁴ + 1తో గ.సా.భా. కట్టండి. 274177 చేతిలో పడుతుంది. మొత్తం పదహారు మెట్లు. క్లౌజెన్‌కు ఇది తెలిసుంటే ఎంత మురిసిపోయేవాడో అనిపిస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. 3 బదులు 2తో మొదలుపెడితే 8వ ఘాతం దగ్గరే గ.సా.భా. మొత్తం సంఖ్యే అయిపోతుంది, ఏమీ తెలియదు. మిల్లర్-రాబిన్‌ను 2 ఎందుకు మోసం చేసిందో, ఇక్కడా కారణం అదే. ఇలా జరిగితే "పద్ధతి పనికిరాదు" అనుకోకుండా ఆధారం మార్చండి. ఇక రెండో కారణాంకం 67280421310721 లోంచి 1 తీస్తే అందులో 2998279 అనే పెద్ద ప్రధాన సంఖ్య ఉంది. చిన్న కారణాంకం లేకపోయుంటే ఈ పద్ధతి అంత తేలిగ్గా పలికేది కాదు.

ఇరవై అంకెలు దాటాక

ఇక్కడ్నుంచి సొంతంగా రాసిన ప్రోగ్రాము కన్నా సిద్ధంగా ఉన్న ఉచిత సాధనాలు మేలు. లైనక్స్ ఉంటే టెర్మినల్‌లో factor అని కొట్టి సంఖ్య ఇస్తే చాలు. పైథాన్‌వాళ్ళకు సిమ్‌పై లైబ్రరీ ఉంది. నేను రోజూ వాడేది పారి/జీపీ. చిన్నది, ఉచితం, ముందు ప్రధానమా అని చూసి ఆ తర్వాత తనే పద్ధతి మార్చుకుంటూ పోతుంది. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యలేని వాళ్ళు డారియో ఆల్పర్న్ కాలిక్యులేటర్‌ను ఫోన్ బ్రౌజర్‌లోనే నడపొచ్చు.

ఎంచుకోవాల్సింది మాత్రం రెండు తరహాల మధ్య. లెన్‌స్ట్రా 1987లో ప్రచురించిన దీర్ఘవృత్త వక్రాల పద్ధతి, అందరూ ఈసీఎం అంటారు, కారణాంకం సైజును బట్టి నడుస్తుంది. మొత్తం సంఖ్య వెయ్యి అంకెలున్నా లోపల 25 అంకెల కారణాంకం ఉంటే సుమారు రెండు వందల వక్రాలతో దొరికే అవకాశం బాగానే ఉంటుంది. పీ మైనస్ 1కి ఉన్న అదృష్టం బెడద దీనికి తక్కువ, ఒక వక్రం పలకకపోతే ఇంకోటి తీసుకోవచ్చు. జల్లెడ పద్ధతులు అలా కాదు. అవి మొత్తం సంఖ్య సైజును బట్టి నడుస్తాయి, లోపల ఏముందన్నది వాటికి పట్టదు. పొమరెన్స్ 1981లో ప్రతిపాదించిన వర్గ జల్లెడ సుమారు వంద అంకెల వరకు బాగుంటుంది, యాఫూ అనే ప్రోగ్రాములో ఉంది. అది దాటితే నంబర్ ఫీల్డ్ సీవ్, దానికి కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రాము.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: కాసేపు ఈసీఎం నడిపి చిన్న కారణాంకాలన్నీ ఏరెయ్యాలి, మిగిలింది వంద, నూటయాభై అంకెల్లోపు ఉంటేనే జల్లెడకు ఎక్కించాలి. నేరుగా జల్లెడతో మొదలుపెట్టి కంప్యూటర్‌ను వారం రోజులు కాల్చినవాళ్ళను చూశాను. చివరకు బయటపడింది 22 అంకెల కారణాంకం. ఈసీఎం దాన్ని నిమిషాల్లో ఇచ్చేది.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పడానికి రెండు సంఖ్యలు పక్కపక్కన పెడతాను. 2²⁰⁴⁸ + 1కి 617 అంకెలు. 1988లోనే అది పూర్తిగా విడిపోయింది. రెండు ఆరంకెల కారణాంకాలు (319489, 974849), ఒక 21 అంకెలది, ఒక 22 అంకెలది, మిగిలిన 564 అంకెల ముక్క ప్రధాన సంఖ్య. ఈసీఎంకు సరిగ్గా సరిపోయే పని. పెద్ద సంఖ్యను విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీద నిలిచే రహస్య సంకేత పద్ధతిని ఆర్‌ఎస్‌ఏ అంటారు. దాని పేరు మీదున్న ఆర్‌ఎస్‌ఏ-2048 అనే సవాలు సంఖ్యకు కూడా 617 అంకెలే. అది మాత్రం ఇప్పటికీ ఎవరి చేతికీ చిక్కలేదు, ఎందుకంటే దాన్ని రెండు భారీ ప్రధాన సంఖ్యలను గుణించి కావాలనే తయారు చేశారు. అంత చిన్న ముక్కలు అందులో లేవు. ఆ వరసలో 2020 ఫిబ్రవరిలో విడిపోయిన ఆర్‌ఎస్‌ఏ-250కి 250 అంకెలే. దానికి కాడో-ఎన్‌ఎఫ్‌ఎస్‌తో సుమారు 2,700 కోర్-సంవత్సరాలు ఖర్చయ్యాయి. అంటే ఒక్క ప్రాసెసర్ కోర్ మీద నడిపితే 2,700 ఏళ్ళు. మీ దగ్గరకు 300 అంకెల ఆర్‌ఎస్‌ఏ తాళం ఎవరైనా తెచ్చి "విప్పగలవా" అంటే, ఆ రెండు ప్రధానాలూ దగ్గరగా ఉన్నాయేమోనని ఫెర్మా పద్ధతి, తర్వాత పీ మైనస్ 1 ఓసారి నడిపి చూడండి. తాళం తయారుచేసినవాళ్ళు అజాగ్రత్త పడి ఉంటేనే ఆశ. లేకపోతే అక్కడితో వదిలెయ్యండి, టైమ్ వేస్ట్.

చదరంగం సంఖ్య కుటుంబంలోనే మీరు కూడా చెయ్యి పెట్టగల పని ఇంకా మిగిలుంది. 2⁴⁰⁹⁶ + 1కి 1234 అంకెలు. ఆరు ప్రధాన కారణాంకాలు దొరికాయి. అన్నిటికన్నా చిన్నది 114689, అంటే 7 × 2¹⁴ + 1. ఆరోది 54 అంకెలది, 2010లో ఈసీఎంతోనే బయటపడింది. ఇంకా 1133 అంకెల సంయుక్త ముక్క అలాగే ఉంది. దానికి జల్లెడ పనికిరాదు, సంఖ్య మరీ పెద్దది. ఎంచుకోవాల్సింది ఈసీఎం ఒక్కటే. దొరకబోయే ప్రతి కారణాంకమూ 2¹⁴ గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ రాత్రిపూట ఖాళీగా ఉంటే జీఎంపీ-ఈసీఎం అనే ప్రోగ్రాము దించుకుని, దొరికిన ఆరిటితోనూ భాగించేసి, ఆ మిగిలిన ముక్క మీద వక్రాలు నడుపుతూ ఉండండి.